క్షీరదాల పిండంలో తల వైపు, ఎడమ వైపు ఎప్పుడు, ఎలా తేలతాయి?

తొలకరి (సోమవారం, సాయంత్రం 6:20)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. కిందటి వారం పిండాభివృద్ధి పాఠం చెబుతూ కప్ప అండం బొమ్మ గీసి, అందులో ముదురు రంగు సగం, లేత రంగు సగం ఉంటాయని, శుక్రకణం ప్రవేశించిన చోటుకు దాదాపు ఎదురుగా ఉన్న వైపున వీపు భాగం ఏర్పడుతుందని వివరించాను. డ్రోసోఫిలా ఈగ విషయంలోనైతే అండం ఒక కొసన బైకాయిడ్ జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏను తల్లే ముందుగా పెట్టి ఉంచుతుందని, ఆ కొసన తల వస్తుందని కూడా చెప్పాను. అంతలో ఒక అమ్మాయి లేచి, "మరి మనిషి అండంలో తల ఎటు రావాలో ఎక్కడ రాసి ఉంటుంది టీచర్?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. పాఠ్యపుస్తకంలో అండం గుండ్రటి గీతగానే ఉంది. ఆ గుండ్రటి దానిలో ముందు–వెనుక, వీపు–పొట్ట, కుడి–ఎడమ అనే మూడు భేదాలు ఎక్కడి నుంచి పుట్టుకొస్తాయో, ఏది ముందు తేలుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు. వచ్చే వారం ఆ అమ్మాయికి సమాధానం చెబుతానని మాట ఇచ్చాను.

కణశోధి (సోమవారం, రాత్రి 9:05)

తొలకరి గారూ, నేను చిట్టెలుక పిండాలపై పనిచేసే ప్రయోగశాలలో ఉన్నాను కాబట్టి ఎక్కువగా ఎలుక ఉదాహరణలే ఇస్తాను. మీ విద్యార్థిని ప్రశ్నకు సూటి సమాధానం ఏమిటంటే, తల ఎటో క్షీరదాల అండంలో ఎక్కడా రాసి ఉండదు. ఈగలోలాగా ఒక కొసన దాచిపెట్టిన సందేశం అందులో లేదు.

దీనికి పాత సాక్ష్యమే చాలా బలమైనది. పోలండ్‌కు చెందిన ఆంజే టార్కోవ్‌స్కీ 1959లో రెండు కణాల దశలో ఉన్న ఎలుక పిండంలో ఒక కణాన్ని నాశనం చేసి, మిగిలిన ఒక్క కణాన్ని మరో ఎలుక గర్భంలో పెంచి చూస్తే, దాని నుంచి అన్ని అవయవాలూ ఉన్న ఎలుక పుట్టింది. 1961లో ఆయనే దీనికి తిరగేసిన ప్రయోగం చేశారు. రెండు వేర్వేరు పిండాలను అతికిస్తే రెండు తలల ఎలుక రాలేదు, ఇద్దరి కణాలూ కలగలిసిన ఒకే శరీరం వచ్చింది. తల ఎటో ముందే రాసి ఉంటే, సగం చేసినప్పుడు సగం రాత పోవాలి, రెండు కలిపినప్పుడు రెండు రాతలు ఉండాలి. అలా జరగలేదు. మనుషుల్లోనూ 1990 నుంచి, ఎనిమిది కణాలు ఉన్న దశలో ఒక కణాన్ని జన్యుపరీక్ష కోసం తీసి, మిగిలిన పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడం చాలా ఏళ్లు జరిగింది. పుట్టిన పిల్లలకు ఏ భాగమూ లోపించలేదు.

ఇక పిండంలో పుట్టే మొదటి భేదం తల–తోక కాదు, "లోపల–బయట". ఎలుక పిండం ఎనిమిది కణాలుగా ఉన్నప్పుడు జరిగే మార్పును నేను కొన్ని వందల సార్లు సూక్ష్మదర్శినిలో చూసి ఉంటాను, అయినా ప్రతిసారీ ఊపిరి బిగబట్టే చూస్తాను. ఎనిమిది గోళీల్లా విడివిడిగా కనిపించే కణాలు కొన్ని గంటల్లో ఒకదానికొకటి హత్తుకుపోతాయి, వాటి మధ్య సరిహద్దులు చెరిగిపోయినట్టవుతాయి, మొత్తం ఒకే నున్నని ముద్దలా మారుతుంది. ఈ-క్యాడ్హెరిన్ అనే అంటుకునే ప్రోటీన్ చేసే పని ఇది. అప్పుడే ప్రతి కణానికీ బయటికి చూసే ముఖం ఒకటి, పొరుగు కణాలను తాకే ముఖం ఒకటి ఏర్పడతాయి. తరువాతి విభజనల్లో కొన్ని కణాలు ముద్ద లోపలికి చేరి ఆ బయటి ముఖాన్ని కోల్పోతాయి.

బయటి ముఖం ఉన్న కణంలో యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, టీడ్4 అనే మరో ప్రోటీన్‌తో కలిసి సీడీఎక్స్2 జన్యువును మేల్కొలుపుతుంది. ఆ కణం జరాయువు వైపు నడుస్తుంది. లోపల చిక్కుకున్న కణంలో హిప్పో సంకేత మార్గం యాప్‌ను కేంద్రకం బయటే ఆపేస్తుంది, ఆ కణం శిశువు శరీరాన్ని ఇచ్చే రాశిలో చేరుతుంది. తాను ఎక్కడున్నదీ కణం తన ముఖాల ద్వారా తెలుసుకుని, దాన్నిబట్టి తన దారి ఎంచుకుంటుందన్నమాట.

నిశితం (సోమవారం, రాత్రి 10:40)

కణశోధి గారి వివరణ చక్కగా ఉంది, కాని "ఎక్కడా రాసి ఉండదు" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మొదటి రెండు కణాలూ సరిసమానం కావని చెప్పే పరిశోధనలు పాతికేళ్లుగా వస్తున్నాయి. శుక్రకణం ప్రవేశించిన చోటుకు, తరువాతి పిండం అమరికకు సంబంధం ఉందని 2001లో మగ్దలీనా జెర్నికా-గోట్జ్ బృందం ప్రతిపాదించింది. నాలుగు కణాల దశలోనే కార్మ్1 అనే ఎంజైమ్ కొన్ని కణాల్లో ఎక్కువగా పనిచేసి, వాటి సంతతిని లోపలి రాశి వైపు మొగ్గేలా చేస్తుందని 2007లో చూపారు. 2024లో మానవ పిండాల్లో కణాల సంతతిని వెంబడించినప్పుడు, శరీరాన్నిచ్చే భాగంలో ఎక్కువ వాటా మొదటి రెండు కణాల్లో ఒకదాని నుంచే వస్తున్నట్టు తేలింది. పెద్దవారి కణజాలాల్లోని ఉత్పరివర్తనలను లెక్కగట్టిన 2021 నాటి పరిశోధనలూ అదే మాట చెప్పాయి. వీటన్నిటినీ పక్కన పెట్టి, పిండం తెల్ల కాగితంలాంటిదని పిల్లలకు చెప్పడం సబబేనా?

కణశోధి (మంగళవారం, ఉదయం 7:15)

నిశితం గారూ, సరైన చోటే ఆపారు. నా వాక్యాన్ని కొంత సవరించుకుంటాను, కాని వెనక్కి తీసుకోను.

మొగ్గు వేరు, నిర్ణయం వేరు. రెండు కణాల్లో ఒకటి లోపలి రాశికి ఎక్కువ సంతానాన్నిస్తుందనడం మొగ్గు. రెండోది అసలు ఆ పని చేయలేదనడం నిర్ణయం. టార్కోవ్‌స్కీ ప్రయోగం మొగ్గును కాదనదు, నిర్ణయాన్ని కాదంటుంది. పైగా మీరు చెప్పిన మొగ్గులన్నీ శరీరమా, జరాయువా అన్న భేదానికి సంబంధించినవి. తల ఎటు అన్నదానికి అవి సమాధానం కావు. శుక్రకణం ప్రవేశ బిందువు విషయంలోనూ అప్పట్లోనే గట్టి వాదోపవాదాలు నడిచాయి. మొదటి విభజన తలం అండంలో ముందే స్థిరపడి లేదని, తల్లి కేంద్రకం, తండ్రి కేంద్రకం అండం మధ్యలో పక్కపక్కన చేరే తీరును బట్టి అది తేలుతుందని 2004లో హిరాగి, సోల్టర్ చూపారు. బ్లాస్టోసిస్ట్ (లోపల నీటి కుహరం ఏర్పడిన దశలోని పిండం) అక్షం, చుట్టూ ఉన్న గట్టి పొర ఆకారాన్ని అనుసరిస్తుందే తప్ప తొలి కణాల వంశవృక్షాన్ని కాదని 2007లో మరో పరిశోధన వచ్చింది.

నేను వ్యక్తిగతంగా ఈ వివాదంలో రెండు పక్షాలవారినీ గౌరవిస్తాను, ఎందుకంటే ప్రత్యక్షంగా చూస్తే తప్ప తేలని విషయం కోసం ఇద్దరూ ఏళ్ల తరబడి ఒక్కొక్క కణాన్నీ వెంబడించారు.

నిన్న చెప్పకుండా వదిలేసినది ఒకటుంది. బ్లాస్టోసిస్ట్‌లో నీటి కుహరం ఒక పక్కకు, కణరాశి ఇంకో పక్కకు ఎలా చేరతాయో 2019లో దగ్గరగా చూశారు. ముందుగా కణాల మధ్య వందల కొద్దీ సూక్ష్మమైన నీటి బుడగలు పుడతాయి. ఒక్కొక్కటి ఒకటి రెండు మైక్రాన్లే ఉంటుంది. తరువాత చిన్న బుడగల్లోని నీరు పెద్ద బుడగల్లోకి చేరుతూ, చివరికి ఒకే పెద్ద కుహరం మిగులుతుంది. అది నిలిచిన చోటే పిండానికి మొదటి అక్షాన్ని ఇస్తుంది. ఆ తరువాత లోపలి రాశిలో నానోగ్ అనే ప్రోటీన్ ఎక్కువున్న కణాలు, గాటా6 అనే ప్రోటీన్ ఎక్కువున్న కణాలు చెల్లాచెదురుగా పుట్టి, గాటా6 కణాలు కుహరం అంచుకు చేరి ఒక పొరగా పరుచుకుంటాయి. వాటికి ఆనుకుని ఉన్న ముఖం పొట్ట వైపు, దానికి ఎదుటి ముఖం వీపు వైపు అవుతాయి. కాబట్టి మూడు అక్షాల్లో వీపు–పొట్ట ముందుగా సూచనప్రాయంగా తేలుతుంది.

తొలకరి (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొగ్గు, నిర్ణయం అన్న తేడాను తరగతిలో తప్పకుండా వాడుకుంటాను. అయితే తల ఇంకా రాలేదు. ఆ గోళంలో ఒక పక్క పొట్ట, ఒక పక్క వీపు తెలిశాక కూడా చుట్టూ 360 డిగ్రీల్లో ఎటైనా తల రావచ్చు కదా? ఆ ఒక్క దిక్కును ఎవరు ఎంచుకుంటారు?

రేఖాంశం (మంగళవారం, రాత్రి 8:50)

ఈ ప్రశ్న కోసమే ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నా పరిశోధనంతా ఈ ఒక్క మలుపు మీదే కాబట్టి కాస్త విస్తారంగా రాస్తాను, ఓపికతో చదవండి.

ఎలుక పిండం ఐదున్నర రోజుల వయసులో చిన్న గుండ్రటి అడుగున్న గొట్టంలా ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే. లోపల కప్పు ఆకారంలో ఎపిబ్లాస్ట్ ఉంటుంది, శిశువు శరీరమంతా దీని నుంచే వస్తుంది. దాని బయట ఒకే కణం మందంతో విసరల్ ఎండోడెర్మ్ అనే తొడుగు ఉంటుంది. ఇది ప్రధానంగా పచ్చసొన సంచి పొరలకు చెందిన కణజాలం. ఈ దశలో పిండాన్ని నిలువు ఇరుసు చుట్టూ తిప్పి ఎటునుంచి చూసినా ఒకేలా ఉంటుంది. మీరు చెప్పిన 360 డిగ్రీల స్థితి సరిగ్గా ఇదే.

అప్పుడు ఆ తొడుగులో, గొట్టం అడుగు కొసన ఉన్న కొన్ని కణాలు ప్రత్యేకంగా మారతాయి. పొడుగ్గా సాగుతాయి, హెక్స్ అనే జన్యువు వాటిలో వెలుగుతుంది. హెక్స్ వెలిగిన కణాలు మెరిసేలా మార్పు చేసిన పిండాలను గంటల తరబడి చిత్రీకరిస్తే, ఆ కణాలు కాళ్లలాంటి సాగుళ్లు చాచి, పక్క కణాల మధ్య నుంచి ఒక వైపుకు ఎగబాకడం కనిపిస్తుంది. కొన్ని గంటల్లో అవి ఎపిబ్లాస్ట్, దాని పైనున్న జరాయు కణజాలం కలిసే అంచు దాకా వెళ్లి, అక్కడ గోడకు తగిలినట్టు ఆగి, పక్కలకు విస్తరిస్తాయి. అవి చేరిన వైపే తల వైపు.

ఆ కణాలు తామే తల అవ్వవు. అవి చేసే పని ఒక విధంగా నిషేధం. పైనున్న కణజాలం నుంచి బీఎంపీ4, ఎపిబ్లాస్ట్ నుంచి నోడల్, వీటి ప్రేరణతో డబ్ల్యూఎన్‌టీ3 అనే సంకేతాలు పిండమంతటా "ఇక్కడ ఆదిరేఖ మొదలుపెట్టండి" అని చెబుతున్నట్టు పనిచేస్తుంటాయి. ఆదిరేఖ అంటే ఎపిబ్లాస్ట్ కణాలు లోపలికి దిగే గీత, శరీరపు తోక కొసకు గుర్తు. ఈ వలస కణాలు సెర్1, లెఫ్టీ1, డీకేకే1 అనే ప్రోటీన్లను విడుదల చేసి, తాము చేరిన వైపున ఆ సంకేతాలను అణచివేస్తాయి. అణచివేత అందని ఎదుటి వైపున ఆరున్నరో రోజుకు ఆదిరేఖ పుడుతుంది. అది శరీరపు తోక వైపు. అణచివేత ఉన్న చోట ఎపిబ్లాస్ట్ కణాలు మెదడు వైపు అడుగు వేస్తాయి. సెర్1, లెఫ్టీ1 రెండూ లేని ఎలుకల్లో కొన్ని పిండాలకు ఒకటికి మించిన ఆదిరేఖలు మొలిచాయి. నోడల్ లేని ఎలుకల్లో అసలు ఆదిరేఖే రాలేదు.

ఈ ఆలోచనకు పునాది వేసినవారిలో రోసా బెడింగ్టన్ ముఖ్యులు. అంతకు ముందు అందరి చూపూ 1924లో హాన్స్ స్పీమన్, హిల్డే మాంగోల్డ్ ఉభయచర పిండాల్లో కనుగొన్న ఆర్గనైజర్ మీదే ఉండేది. ఆ చిన్న కణజాలాన్ని మరో పిండంలో నాటితే రెండో శరీర అక్షం పుడుతుంది. ఎలుకలో దానికి సాటి వచ్చే నోడ్‌ను బెడింగ్టన్ 1994లో మరో పిండంలో నాటితే రెండో అక్షం వచ్చింది కాని దానికి తల రాలేదు. తల చెప్పే మాట ఇంకెక్కడి నుంచో రావాలని ఆ లోపమే ఆమెకు చెప్పింది. ప్రయోగంలో రానిదాన్ని కూడా అంత శ్రద్ధగా చదివిన తీరు నాకు నేటికీ ఆదర్శం. ఆమె 2001లో చిన్న వయసులోనే కన్నుమూశారు.

ఉదయరేఖ (బుధవారం, ఉదయం 10:00)

నేను కృత్రిమ గర్భధారణ ప్రయోగశాలలో పిండాలను చూసే పనిలో ఉన్నాను. రేఖాంశం గారు చెప్పినదంతా ఎలుకకు సరిపోతుంది. మనిషి పిండం ఆ దశలో గొట్టంలా కాకుండా పలుచని గుండ్రటి బిళ్లలా ఉంటుంది. క్షీరదాల్లో అదే మామూలు ఆకారం, ఎలుక జాతివే ప్రత్యేకం. ఆదిరేఖ మనిషిలో సుమారు 14వ రోజున మొదలవుతుంది, అంటే బిళ్లకు తల–తోక బయటికి కనిపించేది అప్పుడే.

మానవ పిండాలను ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచకూడదన్న నియమం వెనుక ఉన్నది ఇదే. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ నివేదిక ఈ హద్దును సూచించింది, 1990లో అక్కడ చట్టమైంది. 2016లో రెండు బృందాలు పిండాలను 13వ రోజు దాకా పెంచగలిగి, నియమాన్ని గౌరవించి అక్కడే ఆపాయి.

కవలల విషయంలోనూ ఈ రేఖే కీలకం. ఒకే అండం నుంచి పుట్టే కవలలు మొదటి మూడు రోజుల్లో విడిపోతే ఎవరి జరాయువు వారికి ఉంటుందని, నాలుగు నుంచి ఎనిమిది రోజుల్లోనైతే జరాయువు ఉమ్మడిగా ఉండి ఉమ్మనీటి సంచులు వేరుగా ఉంటాయని, ఆ తరువాతైతే సంచి కూడా ఉమ్మడేనని, 13వ రోజు దాటాక విడిపోవడం అసంపూర్ణమై శరీరాలు అతుక్కుని పుడతారని బోధిస్తారు. తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో అనే జంతువులో ఒకే పిండం ప్రతిసారీ నాలుగుగా విడిపోయి నలుగురు ఒకేలాంటి పిల్లలు పుడతారు. బిళ్ల మీద తల దిక్కు ఖరారు కాకముందు ఎంత వెసులుబాటు ఉందో దీనివల్ల తెలుస్తుంది.

నిశితం (బుధవారం, ఉదయం 11:25)

ఉదయరేఖ గారి రోజుల పట్టికకు చిన్న వివరణ జోడించాలి. పిండం రెండుగా విడిపోవడాన్ని గర్భంలో ఎవరూ చూడలేదు. పుట్టిన తరువాత పొరలను పరిశీలించి, ఆ పొరలు ఎప్పుడు ఏర్పడతాయో తెలుసు కాబట్టి, వెనక్కి లెక్కగట్టిన రోజులవి. పిల్లలకు చెప్పేటప్పుడు "లెక్కగట్టారు" అన్న మాట వాడితే బాగుంటుంది.

రేఖాంశం గారికి ఒక ప్రశ్న. మూలకణాలను తల్లి గర్భం నుంచి, మీరు చెప్పిన తొడుగు నుంచి పూర్తిగా వేరు చేసి పెంచినప్పుడు కూడా వాటంతట అవే ఒక కొసను తోకలా చాపుతాయని 2014 నాటి గాస్ట్రులాయిడ్ ప్రయోగాలు చూపాయి. సుమారు 300 ఎలుక మూలకణాలను ఒక ముద్దగా చేసి, డబ్ల్యూఎన్‌టీ సంకేతాన్ని ఒక రోజు పాటు అన్ని వైపులా సమానంగా అందిస్తే చాలు, ముద్ద ఒక వైపుకు సాగుతుంది. దిక్కును ఎంచుకునేది వలస కణాలే అయితే, అవి లేని ఈ ముద్దలో దిక్కు ఎలా పుట్టింది?

రేఖాంశం (బుధవారం, రాత్రి 9:30)

ఈ ప్రశ్న మా రంగాన్ని కుదిపినదే. దిక్కును పుట్టించే శక్తి కణాల్లోనే ఉందని గాస్ట్రులాయిడ్లు నిస్సందేహంగా చూపాయి. తనను తాను పెంచుకునే సంకేతం ఒకటి, దానికన్నా వేగంగా వ్యాపించి దాన్ని అణచే సంకేతం మరొకటి ఉంటే, సమానంగా ఉన్న కణజాలంలో కూడా భేదం తనంత తానే పుడుతుందని అలాన్ ట్యూరింగ్ 1952లోనే గణితంతో చూపారు. నోడల్, లెఫ్టీ అలాంటి జంటే. చేప పిండాల్లో కొలిచినప్పుడు లెఫ్టీ నిజంగానే నోడల్ కన్నా వేగంగా వ్యాపించింది.

అందుకే నా మాటను ఇలా మారుస్తాను. భేదం పుట్టడం కణాల స్వభావం. అది ఒక్కచోటే పుట్టేలా, పైనున్న జరాయువుతో, చుట్టూ ఉన్న పొరలతో సరిగ్గా పొసిగేలా చూడడం వలస కణాల పని. సెర్1, లెఫ్టీ1 లేనప్పుడు ఆదిరేఖ రాకుండా పోలేదు, కొన్ని పిండాల్లో ఒకటికి మించి వచ్చాయని గుర్తుచేసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ 2014 నాటి ముద్దల్లో తోక వైపు వచ్చింది కాని ముందు మెదడు రాలేదు. 1994లో బెడింగ్టన్ నాటిన నోడ్‌కు రానిదే, వీటికీ రాలేదు.

ప్రవాహం (గురువారం, ఉదయం 6:45)

ఇక ఎడమ–కుడి మిగిలింది. నాది ద్రవగతి శాస్త్రం, జీవశాస్త్రంలో మీ అందరి కన్నా చిన్నవాణ్ణి. ఈ ఒక్క విషయం కోసమే పిండశాస్త్రం చదవడం మొదలుపెట్టాను.

ఎలుక పిండానికి ఏడున్నర రోజులు దాటాక, ఆదిరేఖ ముందు కొసన నోడ్ అనే చిన్న గుంట ఏర్పడుతుంది. అందులో రెండు మూడు వందల కణాలుంటాయి, ఒక్కో కణానికి ఒక్కో శైలిక, అంటే కొన్ని మైక్రాన్ల పొడవున్న సూక్ష్మమైన వెంట్రుక. ఇవి సెకనుకు సుమారు పది చుట్లు తిరుగుతాయి, అన్నీ ఒకే దిశలో. 1998లో నోనాకా, హిరోకావా బృందం ఆ గుంటలోని ద్రవం స్థిరంగా ఎడమకు పారుతోందని, శైలికలు లేని ఎలుకల్లో ఆ పారుదల లేక ఎడమ–కుడి గందరగోళమవుతోందని చూపింది.

గుండ్రంగా తిరిగే వెంట్రుక ద్రవాన్ని సుడి తిప్పాలి కాని ఒక వైపుకు ఎలా తోస్తుంది? శైలిక నిటారుగా నిలబడి ఉండదు, తోక వైపుకు వాలి ఉంటుంది. పొట్ట వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. చుట్టులో ఎడమకు వెళ్లే సగంలో అది ఉపరితలానికి దూరంగా లేచి ఉంటుంది, కుడికి తిరిగొచ్చే సగంలో ఉపరితలాన్ని రాసుకుంటున్నంత దగ్గరగా వంగుతుంది. ఆ కొలతలో నీరు చిక్కటి జిగురులా ప్రవర్తిస్తుంది. ఉపరితలానికి అంటుకుని ఉన్న ద్రవం కదలనంటుంది, దూరంగా ఉన్నది కదులుతుంది. అందుకే మొత్తం మీద ఎడమకు తోపు మిగులుతుంది.

2002లో నోనాకా పిండాలను చిన్న గదిలో ఉంచి, కుడి వైపుకు బలంగా కృత్రిమ ప్రవాహం పంపితే పిండాల ఎడమ–కుడి తారుమారైంది. కారణం ఏది, కార్యం ఏది అన్నది దీనికన్నా స్పష్టంగా చూపడం కష్టం. 2012లో మరో బృందం, తిరిగే శైలికలు రెండే మిగిలినా పిండం ఎడమను గుర్తించగలదని కనుగొంది.

దర్పణం (గురువారం, సాయంత్రం 7:10)

ఇప్పటివరకూ మౌనంగా చదువుతున్నాను. నా గుండె కుడివైపున ఉంటుంది, కాలేయం ఎడమవైపున. అన్నీ అద్దంలో ప్రతిబింబంలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఎడతెగని దగ్గు, జలుబు ఉండేవి. పద్దెనిమిదో ఏట ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే, ఫిల్మ్ తిరగేసి పెట్టారనుకుని మూడుసార్లు తీయించారు. చివరికి ఒక పెద్ద వైద్యురాలు స్టెతస్కోప్‌ను నెమ్మదిగా నా ఎడమ ఛాతీ నుంచి కుడికి జరుపుతూ, శబ్దం స్పష్టమైన చోట ఆగి, ఎక్స్‌రేలో తప్పేమీ లేదని చెప్పారు. దగ్గుకూ గుండెకూ ఏమిటి సంబంధమని అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఈ లక్షణాలన్నీ కలిసి వస్తాయని జూరిచ్ వైద్యుడు మానెస్ కార్టజెనర్ 1933లో వివరించారు. కారణాన్ని 1976లో స్వీడన్‌కు చెందిన బియోర్న్ అఫ్జీలియస్ కనుగొన్నారు. శ్వాసనాళాల్లోని శైలికల్లో వాటిని కదిలించే డైనీన్ చేతులు లేకపోవడమే అది. శైలికలు కదలకపోతే కఫం బయటికి రాదు, పిండంలో ప్రవాహమూ ఉండదు. శైలికలు కదలని ఈ జబ్బు ఉన్నవారిలో సగం మందికే అవయవాలు తారుమారవుతాయి. ప్రవాహం లేనప్పుడు ఎడమ–కుడి నాణెం ఎగరేసినట్టు తేలుతుందని చదివినప్పుడు, నా శరీరం గురించి మొదటిసారి ఎవరో నిజం చెప్పినట్టనిపించింది.

కణశోధి (గురువారం, రాత్రి 9:20)

దర్పణం గారూ, మీరు రాసినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు చెప్పిన "సగం" ఎలుకల్లోనూ కనిపిస్తుంది. ఐవీ అనే ఎలుక జాతిలో డైనీన్ జన్యువు దెబ్బతిని సగం పిల్లలకు అవయవాలు తారుమారవుతాయి. 1993లో వర్ణించిన ఐఎన్‌వీ ఎలుకల్లోనైతే దాదాపు అన్నిటికీ తారుమారే.

ప్రవాహాన్ని పిండం ఎలా గుర్తిస్తుందన్నది చాలాకాలం వాదనలో ఉంది. నోడ్ అంచుల్లో కదలని శైలికలుంటాయి. 2023లో లేజర్ కాంతితో అలాంటి ఒక్క శైలికను పట్టి అటూ ఇటూ వంచితే, పీకేడీ2 అనే అయాన్ల ద్వారం గుండా కణంలో కాల్షియం సంకేతాలు లేచాయి. అంటే అవి వంపును గ్రహిస్తాయి. దాని ఫలితంగా ఎడమ అంచున, నోడల్‌ను అణచే సెర్ల్2 అనే ప్రోటీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ కరిగిపోతుంది, అక్కడ నోడల్ బలపడి శరీరపు ఎడమ పక్కకంతా పాకుతుంది. నడిమి గీత వద్ద లెఫ్టీ1 దాన్ని కుడికి దాటనివ్వదు. ఎడమన పిట్ఎక్స్2 జన్యువు మేల్కొని, గుండె వంపును, ఊపిరితిత్తుల తమ్మెలను తీర్చిదిద్దుతుంది. మనిషి కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండే ఉండడం దాని గుర్తే. అన్ని జంతువులకూ ఈ దారి ఒకటే కాదు, కోడి పిండంలో తిరిగే శైలికలకు బదులు నోడ్ చుట్టూ కణాలే ఎడమ వైపుకు జరుగుతాయి.

తొలకరి (శుక్రవారం, సాయంత్రం 5:40)

దర్పణం గారూ, మీ అనుమతి ఉంటే పేరు లేకుండా మీ సంగతి తరగతిలో చెబుతాను. ఇంకొక్క సందేహం. అన్ని శైలికలూ ఒకే దిశలో ఎందుకు తిరుగుతాయి? ఆ దిశ ఎక్కడ రాసి ఉంది?

ప్రవాహం (శుక్రవారం, రాత్రి 8:15)

ఇక్కడ మాత్రం "రాసి ఉంది" అనవచ్చు. శైలిక లోపల గొట్టాలు వలయంగా అమరి ఉంటాయి. వాటికి అతుక్కున్న డైనీన్ చేతులన్నీ ఒకే వైపుకు తిరిగి ఉంటాయి. ప్రోటీన్లు ఎడమ వాటం అమైనో ఆమ్లాలతో తయారవుతాయి కాబట్టి, వాటి కూర్పుకు అద్దపు ప్రతిబింబం ఉండదు. ఆ అణువుల వాటమే శైలిక తిరిగే దిశగా పెద్దదవుతుంది.

కాని ఆ వాటం ఒక్కటే చాలదు. తోక ఎటో తెలిస్తేనే శైలిక అటు వాలగలదు, పొట్ట ఎటో తెలిస్తేనే అది ఏ ముఖం మీద మొలవాలో తేలుతుంది. మొదటి రెండు అక్షాలు నిలబడ్డాకే మూడోదానికి అర్థం వస్తుంది. మనం ఎవరికైనా ఎడమ చెయ్యి చూపించమంటే, ముందు వారి ముఖం ఎటుందో, తల ఎటుందో చూసుకుంటాం. పిండం కూడా ఆ క్రమంలోనే వెళుతుంది.

దర్పణం (శుక్రవారం, రాత్రి 9:00)

తప్పకుండా చెప్పండి తొలకరి గారూ.

తొలకరి (తరువాతి బుధవారం, సాయంత్రం 6:05)

నిన్న తరగతిలో బెండు ముక్కతో కప్పు ఆకారం చేసి, దానికి రంగు కాగితం తొడుగు వేసి, అడుగున అతికించిన చిన్న ఎర్రటి ముక్కను ఒక వైపుకు జరుపుతూ చూపించాను. పిల్లలు అది ఆగిన చోటుకు ఎదురుగా ఆదిరేఖ గీశారు. ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ ఎర్రటి ముక్క వైపే చూస్తూ, "తల ఎటో చెప్పిన ఆ కణాలు చివరికి ఏమవుతాయి? అవి పాపలో ఉంటాయా?" అని అడిగింది. ఉండవని చెప్పబోయి ఆగాను. రేఖాంశం గారూ, ఏమని చెప్పాలి?

రేఖాంశం (బుధవారం, రాత్రి 10:10)

ఆగడం మంచిదైంది, ఎందుకంటే ఒకప్పుడు మేమూ ఉండవనే చెప్పేవాళ్లం. కొత్తగా వచ్చే కణాలు ఆ తొడుగునంతా పక్కకు నెట్టేస్తాయని, అది పచ్చసొన సంచిలోకి పోతుందని పుస్తకాల్లో ఉండేది. 2008లో తొడుగు కణాలకు మెరిసే గుర్తు పెట్టి చూసినప్పుడు, వాటిలో చాలా కణాలు పచ్చసొన సంచికి వెళ్లినా, కొన్ని ఒక్కొక్కటిగా విడిపోయి కొత్త కణాల మధ్య సర్దుకుని, పిండం పేగు పొరలో నిలిచి ఉండడం కనిపించింది. అలా చేరిన కణాలు ఆ తరువాతి రోజుల్లో క్రమంగా ప్రాణం వదులుతాయని, పక్కనున్న పేగు కణాలు వాటిని తమలోకి తీసుకుని శుభ్రం చేస్తాయని ఇటీవల తేలింది. కొంతకాలం ఉంటాయని, ఎలుక పిల్ల పుట్టే నాటికి వాటి చోటును దాని సొంత కణాలే నింపుతాయని ఆ అమ్మాయికి చెప్పండి.